పెట్టెడు డీవీడీలు ఫైళ్లుగా: డిస్కు మార్చడం మీ వంతు, మిగతాది స్క్రిప్టు వంతు

ఇంట్లో ఉన్నవి పది పదిహేను డీవీడీలైతే ఇంత హంగామా అక్కర్లేదు. వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రామ్ తెరిచి ఒక్కొక్కటీ మార్చుకుంటే ఓ సెలవురోజుతో అయిపోతుంది. వందకు దగ్గరపడ్డప్పుడే చిక్కు. డిస్కు పెట్టాలి, ఏ టైటిల్ (డిస్కులో విడిగా ఆడే వీడియో భాగం) ఎంతసేపుందో చూడాలి, క్వాలిటీ ఎంచుకోవాలి, పేరు పెట్టాలి, మార్పిడి అయ్యేదాకా కనిపెట్టుకుని ఉండాలి. నాలుగు రోజులు ఉత్సాహంగా నడిచి, తర్వాత పని అటకెక్కుతుంది. ఈలోగా డిస్కులు పాడవుతూనే ఉంటాయి.

అందుకే పనిని రెండుగా విడగొట్టాలి. డిస్కు డ్రైవులో ఉన్నంతసేపు జరగాల్సింది ఒక్కటే: అందులో ఉన్నది ఉన్నట్టు, ఒక్క బైటు కూడా మార్చకుండా, హార్డ్‌డిస్కులోకి ఐఎస్‌ఓ ఇమేజ్‌గా, అంటే డిస్కు మొత్తానికి ఒకే ఫైలుగా, దించుకోవడం. ఏ టైటిల్ కావాలి, ఏ కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి), ఎంత సైజు, ఏం పేరు, ఇవేవీ అప్పుడు తేల్చక్కర్లేదు. ఇమేజ్ చేతికొచ్చాక ఆ పనులన్నీ కంప్యూటర్ ఒక స్క్రిప్టు (వరసగా అమలయ్యే కమాండ్ల ఫైలు) చెప్పినట్టు రాత్రిళ్లు చేసుకుంటుంది. ఫలితం నచ్చకపోతే మర్నాడు సెట్టింగు మార్చి మళ్లీ చేయించొచ్చు. డిస్కును మాత్రం మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

చాలామంది ఇక్కడే వెనకాడతారు, స్థలం ఎక్కడ సరిపోతుందని. లెక్క వేసుకుంటే భయం పోతుంది. సింగిల్ లేయర్ డీవీడీ 4.7 జీబీ, డ్యూయల్ లేయర్ 8.5 జీబీ. నిండుగా ఉన్న సింగిల్ లేయర్ డిస్కులు వంద కలిపినా 470 జీబీయే. ఒక టెరాబైట్ హార్డ్‌డిస్కులో సగం కూడా నిండదు. స్థలం కలిసొస్తుందని నేరుగా డిస్కు నుంచి చిన్న ఎంపీ4గా మార్చి, అసలుది పారేయడం మాత్రం వద్దే వద్దు. ఆ డిస్కు మళ్లీ చదవడానికి ఒప్పుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఒక్కసారే రికార్డ్ చేసుకునే డీవీడీల్లో సమాచారం ఉండేది సేంద్రియ రంగు పొరలో. వేడికి, వెలుతురుకు ఆ రంగు మెల్లగా చెడిపోతుంది.

ముందు చేత్తో చేయాల్సిన పని

మా ఇంటి పెట్టెలో మూడు రకాలు ఉండేవి. కెమెరాలో నేరుగా రికార్డ్ చేసిన 8 సెంటీమీటర్ల చిన్న డిస్కులు, నాన్న పాత టేపుల నుంచి డీవీడీ రికార్డర్ మీద ఎక్కించినవి, కొన్న సినిమాలు. ముందు వీటిని విడివిడిగా దొంతర్లు పెట్టండి, ఒక్కోదానికి దారి వేరు. చిన్న డిస్కులకు ట్రే బయటికొచ్చే డ్రైవే వాడాలి. ట్రే లేకుండా డిస్కును లోపలికి లాక్కునే రకం డ్రైవులో వాటిని పెట్టకూడదు, ఇరుక్కుంటాయి.

తర్వాత ప్రతి డిస్కుకూ ఒక నంబర్. 001తో మొదలుపెట్టి, నడిమి రంధ్రం చుట్టూ ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ వలయం మీద నీళ్ల ఇంకు మార్కర్‌తో రాయండి. బాల్‌పెన్ వద్దు, నొక్కుడు పడుతుంది. పైన ఎంత చక్కగా పేరు రాసి ఉన్నా నంబర్ మానకండి. నాన్న చేతిరాతతో "పెళ్లి" అని ఉన్న డిస్కులు మా దగ్గర బోలెడు, ఎవరి పెళ్లో ఆయన రాయలేదు. డిస్కు లోపలుండే పేరు కూడా పనికిరాదు, మా రికార్డర్ ప్రతి డిస్కుకూ ఒకే పేరు పెట్టింది. స్క్రిప్టు ఆ పేరుతో ఫైళ్లు సేవ్ చేస్తే ఒకదాని మీద ఒకటి పడి మాయమైపోతాయి. నంబర్ అయితే ఆ బెడద లేదు. నంబర్ కనిపించేలా డిస్కు ముఖాన్నీ, కవరు మీద రాతల్నీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఏ తేదీదో తేల్చుకునేటప్పుడు ఆ ఫొటోలే ఆధారం.

తుడవడానికి మెత్తని, పోగులు రాలని గుడ్డ చాలు. మధ్య నుంచి అంచుకు సూటిగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. ట్రాకు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ఆ దిశలో గీత పడితే వరసగా చాలా సమాచారం పోతుంది. అడ్డంగా పడ్డ గీతను మాత్రం డ్రైవులోని తప్పు సవరించే లెక్కలు చాలావరకు దాటించేస్తాయి. వేలిముద్రలు వదలకపోతే కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చు. పైన అంటించిన కాగితం లేబుల్‌ను మాత్రం పీకే ప్రయత్నం చేయకండి.

మొదటి స్క్రిప్టు: చదివి, ట్రే బయటికి తోసేది

నేను వాడింది లినక్స్ వేసిన పాత డెస్క్‌టాప్. చదవడానికి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు. విండోస్‌లో కూడా ఇమేజ్‌లు తీసుకోవచ్చు, కానీ మనిషి లేకుండా ఒకదాని తర్వాత ఒకటి నడిపించడం లినక్స్‌లో సులువు. ముందుగా డెస్క్‌టాప్ సెట్టింగుల్లో డిస్కు పెట్టగానే దానంతటదే తెరుచుకునే ఆటోమౌంట్‌ను ఆపేయండి. లేకపోతే మీ స్క్రిప్టూ, ఫైల్ మేనేజరూ ఒకే డ్రైవు కోసం కొట్టుకుంటాయి.

డిస్కు పెట్టగానే స్క్రిప్టు మొదలవ్వాలంటే యూడెవ్ (పరికరాల మార్పులు కనిపెట్టే లినక్స్ భాగం) రూల్ రాయమని చాలాచోట్ల సలహా కనిపిస్తుంది. అయితే ఆ రూల్ నుంచి నేరుగా మొదలైన పని ఎక్కువసేపు నడిస్తే యూడెవ్ దాన్ని మధ్యలోనే చంపేస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి సిస్టమ్‌డీ (లినక్స్‌లో ప్రోగ్రాములను వెనక నడిపేది) సర్వీసు ఒకటి రాసి దాని ద్వారా నడపాలి. ఇంట్లో ఓ పెట్టె ఖాళీ చేసుకోవడానికి ఇదంతా అనవసరమని నా అభిప్రాయం. టెర్మినల్‌లో ఆగకుండా తిరిగే లూప్ ఒకటి చాలు. అయిదు సెకన్లకోసారి డ్రైవులో డిస్కు ఉందా అని చూడాలి. ఉంటే చదవాలి, అయ్యాక ట్రే బయటికి తోయాలి, మళ్లీ ఎదురుచూడాలి. ఏదైనా తేడా వస్తే కళ్లెదుటే కనిపిస్తుంది.

డిస్కు ఉందో లేదో యూడెవ్ సమాచారమే చెబుతుంది. దానితోపాటు డిస్కు స్థితి కూడా తెలుస్తుంది: ఖాళీదా, పూర్తయిందా, ఇంకా రాయడానికి వీలుగా తెరిచే ఉందా అని. ఈ మూడోది కెమెరా డిస్కుల విషయంలో చాలా ముఖ్యం. రికార్డ్ చేశాక ఫైనలైజ్ చేయని, అంటే ఇతర డ్రైవులు చదివేలా ముగించని, డిస్కును మామూలు డ్రైవులో పెడితే ఖాళీ డిస్కులాగే కనిపించొచ్చు. ఏమీ లేదనుకుని పారేసే ప్రమాదం ఉంది. స్క్రిప్టు అలాంటి డిస్కును లాగ్‌లో "ఫైనలైజ్ కాలేదు" అని రాసి బయటికి తోసేయాలి. పాత కెమెరా ఇంకా పనిచేస్తుంటే అందులోనే పెట్టి ఫైనలైజ్ చేయడం ఉత్తమం. కెమెరా లేకపోతే, ఫైనలైజ్ కాని డిస్కుల్ని కూడా చదివే ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రామ్ ప్రయత్నించండి.

చదవడానికి మామూలు కాపీ కమాండ్ వద్దు, గ్నూ డీడీరెస్క్యూ వాడండి. మామూలు కాపీ ఒక్క పాడైన సెక్టార్ తగలగానే ఆగిపోతుంది. డీడీరెస్క్యూ ఆ చోటును గుర్తుపెట్టుకుని ముందుకు పోతుంది. డీవీడీలో సెక్టార్ 2048 బైట్లు కాబట్టి బ్లాక్ సైజుగా అదే ఇవ్వాలి. మొదటి దఫా పాడైన చోట్లను గీకి గీకి చదివే దశను వదిలేయమని ఆప్షన్ ఇవ్వండి, బాగున్న భాగమంతా ముందు చకచకా వచ్చేస్తుంది. పది నిమిషాలపాటు ఒక్క సెక్టార్ కూడా కొత్తగా రాకపోతే ఆపేయమని టైమ్‌అవుట్ కూడా పెట్టండి. అప్పుడు ఒక మొండి డిస్కు రాత్రంతా డ్రైవును పట్టుకుని కూర్చోదు.

స్క్రిప్టు చదివేటప్పుడు ఫైలును తాత్కాలిక పేరుతో ఉంచి, అంతా అయ్యాకే షా-256 చెక్‌సమ్ (ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి, నంబర్ పేరుతో "సిద్ధం" అనే ఫోల్డర్‌లోకి మార్చాలి. అప్పుడు సగం చదివిన ఇమేజ్‌ను రెండో స్క్రిప్టు పొరపాటున కూడా పట్టుకోదు. లాగ్‌లో నంబర్, డిస్కు లోపలి పేరు, సైజు, చదవలేకపోయిన బైట్లు, చెక్‌సమ్ ఒక్కో వరసలో పడాలి. కొత్త డిస్కు చెక్‌సమ్ పాతవాటిలో దేనితోనైనా కలిస్తే అదే డిస్కు రెండుసార్లు పెట్టారన్నమాట, లేదా బంధువులకు పంచిన కాపీ అన్నమాట. రెండూ జరుగుతాయి.

డీవీడీ 1 ఎక్స్ వేగమంటే సెకనుకు సుమారు 1.385 ఎంబీ. ఆ లెక్కన నిండు డిస్కుకు గంట పడుతుంది. మామూలు 8 ఎక్స్ డ్రైవు అయితే డిస్కు బాగున్నంతవరకు పది, పదిహేను నిమిషాలు. అంటే వంటింట్లోనో, వేరే గదిలోనో మీ పని మీరు చేసుకుంటూ, ట్రే బయటికొచ్చినప్పుడల్లా డిస్కు మార్చి వెళ్లొచ్చు. యూఎస్‌బీ డ్రైవు ఇంకొకటి ఉంటే అదే స్క్రిప్టును రెండో డ్రైవుకూ నడపండి. అయితే డ్రైవుల పేర్లు రీస్టార్ట్ చేసినప్పుడు తారుమారవ్వొచ్చు, కాబట్టి శాశ్వతంగా ఉండే ఐడీ పేర్లే స్క్రిప్టులో రాయండి. రెండు డ్రైవులున్నప్పుడు నంబర్ వరసను నమ్ముకోకూడదు, డిస్కు పెట్టినప్పుడు స్క్రిప్టు నంబర్ అడిగేలా పెట్టుకోవాలి.

మొండి డిస్కులు

డీడీరెస్క్యూ చదివిన ప్రతి ఇమేజ్ పక్కన ఒక మ్యాప్ ఫైలు తయారవుతుంది. అది మామూలు టెక్స్ట్ ఫైలు, తెరిచి చూడొచ్చు. ఒక్కో వరసలో ఎక్కడి నుంచి, ఎంత పొడవు, దాని స్థితి ఏమిటి అని ఉంటుంది. చివర ప్లస్ గుర్తుంటే ఆ భాగం వచ్చేసినట్టు, మైనస్ ఉంటే చదవలేకపోయినట్టు. నాన్న ఎక్కించిన ఒక డిస్కు మ్యాప్ నాకు బాగా గుర్తుంది. పైనుంచి చాలా దూరం ఒకే పొడవాటి ప్లస్ వరస, ఆఖర్న మాత్రం చిన్నచిన్న మైనస్ వరసలు కుప్పగా ఉన్నాయి. డీవీడీ మీద రాత మధ్యలో మొదలై అంచు దగ్గర ముగుస్తుంది. వేళ్లు తగిలేదీ, చెడిపోవడం మొదలయ్యేదీ ఎక్కువగా అంచు దగ్గరే. అందుకే వేడుక ఆఖర్లో తీసిన దృశ్యాలు ముందుగా పోతాయి.

ఇలాంటి వాటికి ఆ మ్యాప్ ఫైలే ప్రాణం. డిస్కును మళ్లీ తుడిచి, అదే ఇమేజ్, అదే మ్యాప్ ఇచ్చి డీడీరెస్క్యూను మళ్లీ నడపండి. ఈసారి డైరెక్ట్ యాక్సెస్ ఆప్షన్ (ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌ను దాటి నేరుగా చదవడం) పెట్టి, మూడుసార్లు తిరిగి ప్రయత్నించమనండి. వచ్చిన భాగాన్ని అది మళ్లీ ముట్టుకోదు, ఖాళీలు మాత్రమే నింపుతుంది. అప్పటికీ రాకపోతే డిస్కును ఇంకో కంపెనీ డ్రైవులో పెట్టి, అదే మ్యాప్‌తో కొనసాగించండి. ఒక డ్రైవు లేజర్‌కు అందనిది ఇంకోదానికి అందడం నేను మళ్లీ మళ్లీ చూశాను. నాన్న డిస్కులో ఆ మైనస్ వరసలు చాలావరకు అలాగే చెరిగిపోయాయి. డిస్కును కొత్త ఫైలుగా మొదటి నుంచి చదివిస్తే ఈ లాభం ఉండదు, అందుకే మ్యాప్ ఫైళ్లను ఎప్పుడూ డిలీట్ చేయకండి.

రెండో స్క్రిప్టు: ఇమేజ్ నుంచి చూసుకునే వీడియో

ఇది "సిద్ధం" ఫోల్డర్‌ను చూస్తూ ఉంటుంది. ఇమేజ్ లోపల మామూలు డీవీడీ వీడియో ఫోల్డర్ ఉందా, లేక వీఆర్ (వీడియో రికార్డింగ్) పద్ధతిలో రికార్డ్ చేసిన వీఆర్ఓ ఫైలు ఉందా అని ముందు చూడాలి. కొన్ని కెమెరాలూ, రికార్డర్లూ ఈ రెండో పద్ధతి వాడాయి. వీఆర్ఓ ఫైలైతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో మార్పిడి ప్రోగ్రామ్ నేరుగా చదువుతుంది. ఫొటోలు రాసిన డేటా డిస్కు అయితే ఫైళ్లు బయటికి తీస్తే చాలు. మామూలు డీవీడీ వీడియో అయితే మేక్ఎంకేవీ కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌కు ఇమేజ్‌ను ఇచ్చి, టైటిళ్లన్నీ వేర్వేరు ఎంకేవీ ఫైళ్లుగా తీయమనండి. ఇందులో వీడియో మళ్లీ కుదించబడదు, డీవీడీలో ఉన్న ఎంపెగ్-2 రూపం అలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక సెట్టింగు తప్పక మార్చండి. మేక్ఎంకేవీ మామూలుగా 120 సెకన్ల కంటే చిన్న టైటిళ్లను వదిలేస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అయితే 10 సెకన్ల లోపువి చూపించదు. సినిమా డిస్కులో లోగోలూ, హెచ్చరికలూ తప్పించడానికి అది బాగానే ఉంటుంది. ఇంటి డిస్కుల్లో ఆ చిన్నవే అపురూపం. మా అమ్మమ్మ గొంతు మిగిలింది ఒకే ఒక్క క్లిప్‌లో. కెమెరా వైపు చూసి, "ఇది తిరుగుతోందా?" అని అడిగి, కొంగు సర్దుకుంటుంది. అది రెండు నిమిషాలకు చాలా తక్కువ. కనీస నిడివి సున్నా పెట్టండి. పనికిరాని ముక్కలు నాలుగు ఎక్కువ వచ్చినా తర్వాత తీసేయొచ్చు.

తర్వాతి మెట్టు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ఎంపీ4. ఇంటి డీవీడీలు దాదాపు అన్నీ ఇంటర్‌లేస్డ్. పాల్ (భారత్ లాంటి దేశాల టీవీ పద్ధతి) అయితే సెకనుకు 25 ఫ్రేములు ఉన్నా, ఒక్కో ఫ్రేములో రెండు సగం బొమ్మలు ఉంటాయి. అవి సెకనులో 50వ వంతు తేడాతో తీసినవి. వాటిని సరిగా విడదీయకపోతే పరిగెత్తే పిల్లాడి చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలికలై కనిపిస్తాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ వాడండి, దాని డిఫాల్ట్ పద్ధతిలో ప్రతి సగం బొమ్మ నుంచీ ఒక పూర్తి ఫ్రేము తయారై సెకనుకు 50 ఫ్రేములు వస్తాయి. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) అయితే దాదాపు 60. ఫైలు పెరుగుతుందని 25కే కుదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కెమెరా పట్టుకున్న కదలికలో సగం అలా పోతుంది.

బొమ్మను పెద్దది చేయకండి, వివరం కొత్తగా పుట్టదు. కాకపోతే డీవీడీ పిక్సెల్ చతురస్రం కాదు. 720 × 576 బొమ్మను కొన్ని ఫోన్ ప్లేయర్లు అలాగే చూపించి మొహాలు సాగదీస్తాయి. అందుకని ఇంటర్‌లేస్ తీశాక, 4:3 వీడియోను 768 × 576కు, 16:9ను 1024 × 576కు మారుస్తాను. వీడియో హెచ్.264, సీఆర్ఎఫ్ (నాణ్యత అంకె, తగ్గేకొద్దీ నాణ్యత ఎక్కువ) 18, ప్రీసెట్ (కుదించే వేగం) స్లో. ఆడియో ఏఏసీ. హెచ్.265తో ఫైలు ఇంకా చిన్నదవుతుంది గానీ, ఈ సైజు వీడియోలకు ఆ ఆదా కంటే ఏ పాత టీవీలోనైనా ఆడటమే ముఖ్యం.

సరిచూడటం, పేర్లు పెట్టడం

సరిచూడటం కూడా స్క్రిప్టే చేయాలి. ఎంకేవీ నిడివికీ, ఎంపీ4 నిడివికీ సెకను కంటే ఎక్కువ తేడా ఉంటే లాగ్‌లో గుర్తు పెట్టాలి. ఎంపీ4 మొత్తాన్ని ఒకసారి డీకోడ్ చేయించి, వచ్చిన ఎర్రర్లు రాసుకోవాలి. మీరు స్వయంగా చూడాల్సింది గుర్తు పడ్డవే.

పేర్ల దగ్గర యంత్రం సాయం ఒక మేరకే. నిమిషానికో ఫ్రేము తీసి, వరసకు అయిదు చొప్పున పేర్చి, ఒకే బొమ్మగా చేయమని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు చెప్పొచ్చు. గంట వీడియో అరవై చిన్న బొమ్మల షీటు అవుతుంది. డిస్కు నంబర్‌తో ఆ షీట్లను ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. మా పెద్దమ్మ ఒక షీటు చూసి, వెనక నిలబడ్డ మనిషి చీర రంగును బట్టి అది ఎవరి నిశ్చితార్థమో, ఏ ఏడాదో చెప్పేసింది. వీడియో మొత్తం పంపి ఉంటే ఆవిడ తెరిచేదే కాదు. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత సందర్భం, చివర్లో డిస్కు నంబర్ పెట్టండి. నెల తెలియకపోతే సంవత్సరంతో ఆపండి. ఊహించి రాసిన తేదీ తర్వాత నిజమై కూర్చుంటుంది.

కొన్న సినిమాలు

వీటి మీద సాధారణంగా సీఎస్ఎస్ అనే కాపీ నిరోధక తాళం ఉంటుంది. సొంత డిస్కైనా ఆ తాళం తీయడాన్ని కొన్ని దేశాల చట్టాలు ఒప్పుకోవు, మీరుండే చోట ఏముందో చూసుకోండి. ఒప్పుకునే చోట ఆటోమేటిక్ రిప్పింగ్ మెషిన్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఉంది. డిస్కు పెడితే చాలు, మేక్ఎంకేవీతో చదివి, హ్యాండ్‌బ్రేక్‌తో మార్చి, సినిమా పేరును ఆన్‌లైన్ డేటాబేస్‌లో వెతికి ఫోల్డర్‌లో పెడుతుంది. ఇంటి వీడియోలకు అది నప్పదు, మీ ఇంటి వేడుక పేరు ఏ డేటాబేస్‌లోనూ దొరకదు కదా.

కాపీలు

ఐఎస్‌ఓలూ, మ్యాప్ ఫైళ్లూ, ఎంపీ4లూ, లాగ్, డిస్కుల ఫొటోలు, ఇవన్నీ ఒకే హార్డ్‌డిస్కు మీద ఉంటే పని సగమే అయినట్టు. ఇంకో హార్డ్‌డిస్కు మీద రెండో కాపీ పెట్టి, మూడోది ఇంట్లో కాకుండా అన్నయ్య దగ్గరో, అక్క దగ్గరో ఉంచండి. క్లౌడ్ అయినా సరే. ఏడాదికోసారి మొదటి స్క్రిప్టు రాసిన చెక్‌సమ్‌లతో ఇమేజ్‌లన్నీ సరిపోల్చే చిన్న స్క్రిప్టు నడపండి. ఏదైనా తేడా వస్తే మిగతా కాపీల్లోంచి బాగున్నది తెచ్చి పెట్టండి. కాపీలన్నీ ఒకసారి సరిచూసుకునేదాకా అసలు డిస్కులు పారేయొద్దు. మ్యాప్‌లో ఇంకా మైనస్‌లు మిగిలిన డిస్కులను మాత్రం ఆ తర్వాత కూడా చీకటిగా, చల్లగా ఉండేచోట నిలువుగా పెట్టి ఉంచండి. ఎప్పుడైనా వేరే డ్రైవు చేతికొస్తే, అదే మ్యాప్‌తో మళ్లీ ప్రయత్నించొచ్చు.